క్షమాపణ ఎవరికి?

క్రికెట్ మీద సంపాదకీయం ఏమిటని మన పాఠకుల్లో కొందరు ఆశ్చర్యపోవచ్చు. నిజానికి నాకు ఆ ఆటతో పరిచయం తక్కువే. ఆదివారం మ్యాచ్ ఉందంటే ముందు గదిలో కూర్చున్న మగవాళ్లకి గంటగంటకీ టీలు అందించడమే చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన క్రికెట్. అయినా ఈసారి దాని గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆటగాళ్లు పేరు తెచ్చుకున్నాక, వాళ్లు ఎప్పుడో కుర్రతనంలో సామాజిక మాధ్యమాల్లో రాసిన రాతలు బయటపడటం, బోర్డులు వాళ్లని సస్పెండ్ చేయడం, అభిమానులు రెండు జట్లుగా విడిపోయి కొట్టుకోవడం గత కొన్నేళ్లుగా మాటిమాటికీ చూస్తున్నాం. ఆ రాతల్లో సగానికి సగం ఆడవాళ్ల గురించినవే. కానీ తర్వాత జరిగే రభసలో ఆడవాళ్లు ఎక్కడా కనిపించరు. ఈ సంగతి నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న వల్ల ఇంకా ఎక్కువగా తొలుస్తోంది. ఆమె సంగతి తర్వాత చెబుతాను.

2021 జూన్ 2న లండన్‌లోని లార్డ్స్ మైదానంలో ఇంగ్లండ్, న్యూజిలాండ్ జట్ల మధ్య టెస్టు మ్యాచ్ మొదలైంది. ఆటకి ముందు ఇంగ్లండ్ ఆటగాళ్లందరూ నల్లటి టీషర్టులు వేసుకుని వరసగా నిలబడ్డారు. క్రికెట్ అందరి ఆట అని వాటి మీద రాసి ఉంది. వెనకవైపు జాతి వివక్ష, మత విద్వేషం, స్త్రీల పట్ల వివక్ష వంటివాటికి వ్యతిరేకంగా మాటలున్నాయి. ఆ వరసలో ఆలీ రాబిన్సన్ అనే 27 ఏళ్ల బౌలర్ కూడా ఉన్నాడు. అతనికి అదే మొదటి టెస్టు. అతను మైదానంలో ఉండగానే, 2012, 2013 సంవత్సరాల్లో అతను ట్విట్టర్‌లో రాసినవి బయటికొచ్చాయి. ఆసియా సంతతి వాళ్లని వెక్కిరించినవి, ముస్లింలని ఉగ్రవాదంతో ముడిపెట్టినవి, ఆడవాళ్ల గురించి చులకనగా రాసినవి. వాటిని ఇక్కడ మళ్లీ అచ్చువేయడం నాకిష్టం లేదు. మనందరం బస్సుల్లో, కాలేజీ గోడల మీద, ఫోన్లలో చదివినవాటికి అవేమీ భిన్నంగా లేవు.

ఆ సాయంత్రమే అతను క్షమాపణ చెప్పాడు. తను జాత్యహంకారిని కాననీ, స్త్రీలని తక్కువ చేసే మనిషిని కాననీ, అప్పుడు ఆలోచన లేకుండా రాశాననీ అన్నాడు. మ్యాచ్‌లో 7 వికెట్లు తీశాడు, 42 పరుగులు చేశాడు. మ్యాచ్ ముగిసిన జూన్ 6న ఇంగ్లండ్ బోర్డు అతన్ని సస్పెండ్ చేసింది. జూలైలో క్రమశిక్షణ కమిషన్ 8 మ్యాచ్‌ల నిషేధం వేసింది. అందులో 3 అప్పటికే అయిపోయినట్టు, మిగిలిన 5 రెండేళ్లపాటు మళ్లీ తప్పు చేస్తేనే అమలయ్యేట్టు లెక్కగట్టి, 3,200 పౌండ్ల జరిమానా కూడా వేసింది. ఆగస్టులో అతను మళ్లీ జట్టులోకి వచ్చి భారత జట్టు మీద ఆడాడు. లీడ్స్ టెస్టులో 'ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్' అయ్యాడు.

అంటే, భవిష్యత్తు నాశనమైపోయిందని అతని తరఫున గుండెలు బాదుకున్నవాళ్లు రెండు నెలలు ఓపిక పడితే సరిపోయేది. గుండెలు బాదుకున్నవాళ్లు కూడా చిన్నవాళ్లేం కాదు. ఆనాటి బ్రిటన్ సాంస్కృతిక మంత్రి ఆలివర్ డౌడెన్, బోర్డు శ్రుతి మించిందనీ, ఆ రాతలు పదేళ్ల కిందటివనీ, రాసినవాడు అప్పటికి టీనేజి కుర్రాడనీ బహిరంగంగా అన్నాడు. ప్రధానమంత్రి బోరిస్ జాన్సన్ ఆయన్ని సమర్థించాడు. ఒక బౌలర్ కోసం మంత్రివర్గమే కదిలి వచ్చిందంటే, ఆ రాతల్లో నలిగిన ఆడపిల్ల కోసం, ముస్లిం పిల్లవాడి కోసం ఏ మంత్రి ఒక మాట అన్నాడని వెతికాను. నాకు కనపడలేదు.

కుర్రతనం అనే వాదనని నేను కొట్టిపారేయను. పద్దెనిమిదేళ్లకి నేనేం మాట్లాడానో నాకు గుర్తుంది. వితంతువైన మా పక్కింటావిడ శుభకార్యానికి వస్తే ఎవరో మొహం చిట్లించుకున్నారు, నేను కూడా నవ్వాను. ఆ నవ్వుని ఎవరూ ఫోటో తీయలేదు గనక నేనివాళ ఈ పత్రికలో సంపాదకీయాలు రాస్తున్నాను. మనుషులు మారతారు. మారతారన్న నమ్మకం లేకపోతే స్త్రీల ఉద్యమానికి అర్థమే లేదు, మనం ఇన్నేళ్లుగా మీటింగులు పెట్టి ఎవరితో మాట్లాడుతున్నట్టు? అయితే ఆ వాదనలో ఒక మోసం ఉంది. పద్దెనిమిదేళ్లు రాసినవాడికి మాత్రమే ఉన్నట్టు మాట్లాడతారు. చదివిన ఆడపిల్లకి కూడా పద్దెనిమిదేళ్లేనన్న సంగతి మాయమైపోతుంది. ఆమె కుర్రతనం లెక్కలోకి రాదు.

ఇంకొక సంగతి. రాబిన్సన్ కొత్తవాడు. అతని తర్వాత జేమ్స్ ఆండర్సన్ వంటి పెద్ద బౌలర్ 2010లో రాసినది బయటపడింది. సాటి ఆటగాడి జుట్టు కత్తిరింపుని వెక్కిరించడానికి స్వలింగ ప్రేమికులైన స్త్రీలని తిట్టుగా వాడిన రాత అది. కెప్టెన్ ఇయాన్ మోర్గాన్, జాస్ బట్లర్ మన భారతీయుల ఇంగ్లీషుని ఎగతాళి చేస్తూ రాసినవీ బయటపడ్డాయి. వాళ్లెవరి మీదా సస్పెన్షన్ పడలేదు. ఒక్కొక్క సంగతి విడివిడిగా చూస్తామన్నారు. కొత్తవాడి మీద అయిదు రోజుల్లో వేటు పడింది, పాతకాపుల దగ్గరికి వచ్చేసరికి విచక్షణ మేలుకుంది. ఇది ఆ దేశానికే పరిమితం కాదు, మన కచేరీల్లో అటెండరుకీ ఆఫీసరుకీ జరిగే విచారణల్లో తేడా మనకి తెలియనిది కాదు.

అసలు ఆ టీషర్టుల ప్రదర్శన ఎక్కడ జరిగిందో చూడండి. లార్డ్స్ మైదానం మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బుది. ఆ క్లబ్బు పుట్టింది 1787లో. ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకోవచ్చని ఒప్పుకున్నది 1998లో. అంటే 211 ఏళ్లు. మహిళలు ఆ మైదానంలో మొదటిసారి అంతర్జాతీయ వన్డే ఆడింది 1976లో. రాబిన్సన్ టీషర్టు వేసుకుని నిలబడ్డ ఆ రోజు వరకూ అక్కడ మహిళల టెస్టు మ్యాచ్ ఒక్కటి కూడా జరగలేదు. మన డయానా ఎదుల్జీ 1986లో భారత మహిళా జట్టుతో ఇంగ్లండ్ వెళ్లినప్పుడు ఆ మైదానం పెవిలియన్‌లోకి ఆమెని రానివ్వలేదు. ఈ క్లబ్బు ఎంసీసీ అన్న పేరు తీసేసి ఎంసీపీ అని పెట్టుకుంటే బావుంటుందని ఆవిడ ఛలోక్తి విసిరింది. ఎంసీపీ అంటే ఏమిటో మన పాఠకులకి విప్పి చెప్పక్కర్లేదనుకుంటాను, పురుషాహంకారుల్ని పందులతో పోల్చే ఆ ఇంగ్లీషు తిట్టు మన సభల్లో కూడా బాగానే వినిపించేది.

పంతొమ్మిదేళ్ల వాడికి ఆడవాళ్లంటే చులకన ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, అతని ఫోను నుంచి అని జవాబు చెప్పడం సులువు. 211 ఏళ్లపాటు తలుపు మూసి ఉంచిన భవనం వైపు వేలు చూపించడం కష్టం. బోర్డుకి రాబిన్సన్ దొరికాడు. అతన్ని పక్కన పెట్టి, టీషర్టులు ఉతికి ఆరేసుకుని, తమ పని అయిపోయిందనుకున్నారు. రెండేళ్ల తర్వాత, 2023 జూన్‌లో, ఆ బోర్డే నియమించిన స్వతంత్ర కమిషన్ తన నివేదిక ఇచ్చింది. అక్కడి క్రికెట్‌లో జాతి వివక్ష, స్త్రీ వివక్ష, వర్గ వివక్ష విస్తారంగా ఉన్నాయని తేల్చింది. మహిళా జట్టుకి అప్పటికీ లార్డ్స్‌లో టెస్టు ఆడే అవకాశం రాలేదన్న సంగతిని ప్రత్యేకంగా ఎత్తి చూపింది. బోర్డు క్షమాపణ చెప్పింది. ఎవరూ సస్పెండ్ కాలేదు. వ్యవస్థ తప్పుచేస్తే నివేదిక, వ్యక్తి తప్పుచేస్తే వేటు. నాకు రెండోదాని మీద కోపం లేదు, మొదటిదాని మీద ఉంది.

ఇదే రోజుల్లో ఇంగ్లండ్‌లోనే ఇంకొక సంగతి జరిగింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో దారి చూపించింది అదే. పాకిస్తాన్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగిన అజీమ్ రఫీక్ యార్క్‌షైర్ జట్టులో తను ఎదుర్కొన్న జాతి వివక్ష గురించి 2021 నవంబరు 16న పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. మాట్లాడుతూ ఏడ్చాడు. దేశమంతా చూసింది. రెండు రోజులు తిరక్కుండానే, 2011లో అతను యూదుల్ని కించపరుస్తూ ఇంకో ఆటగాడికి పంపిన సందేశాలు పత్రికలో వచ్చాయి. ఎదురుచూస్తున్నవాళ్లు ఎగిరి గంతేశారు. చూశారా, తనూ అంతేనన్నారు. వివక్షకి గురైనవాడు ఇంకొకరి పట్ల వివక్ష చూపించి ఉండకూడదట, అప్పుడే అతని గాయం గాయమట. భర్త కొట్టాడని స్టేషనుకి వెళ్లిన ఆడదాన్ని, నువ్వు అత్తని ఎప్పుడూ ఎదురు మాట అనలేదా అని అడిగే ఎస్సైలు మనకి గుర్తుకు రావడం లేదూ?

కానీ రఫీక్ చేసింది గమనించండి. కుర్రతనం అనలేదు, సందర్భం వేరనలేదు. సాకులేమీ లేవు, సిగ్గుపడుతున్నాను అన్నాడు. యూదు సమాజానికి క్షమాపణ చెప్పాడు. అక్కడితో ఆగలేదు. చిన్నపిల్లగా హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరిన ఒక యూదు వృద్ధురాలిని కలిశాడు, కూర్చుని ఆమె చెప్పింది విన్నాడు. మరుసటి ఏడు ఆష్విట్జ్ వెళ్లి ఆ మరణ శిబిరాన్ని చూసి వచ్చాడు. 2022 అక్టోబరులో క్రమశిక్షణ కమిషన్ అతన్ని మందలించింది, దాన్నీ అంగీకరించాడు. నేనతన్ని దేవుణ్ణి చేయబోవడం లేదు. నాకు ముఖ్యమనిపించేది ఒక్కటే. అతని క్షమాపణకి చిరునామా ఉంది. బోర్డుకి కాదు, స్పాన్సర్లకి కాదు, అభిమానులకి కాదు. ఎవరిని అన్నాడో వాళ్ల గుమ్మం దాకా వెళ్లాడు. మళ్లీ అతని బాధకి మాత్రం అలాంటి న్యాయం దొరకలేదు. తిట్లూ బెదిరింపులూ భరించలేక కుటుంబంతో సహా దేశం విడిచిపోవలసి వచ్చిందని 2022 డిసెంబరులో అదే పార్లమెంటు కమిటీకి చెప్పుకున్నాడు.

అదే అక్టోబరులో మందలింపు పొందిన అయిదుగురిలో ఇద్దరు స్త్రీలు. డానియల్ వ్యాట్, ఈవ్‌లిన్ జోన్స్. 2013లో మొహాలకి నల్లరంగు పులుముకున్న ఫోటోని సామాజిక మాధ్యమంలో పెట్టినందుకు. ఇది రాయకుండా దాటేయాలని నాకూ అనిపించింది. దాటేస్తే మనం కూడా మన జట్టువాళ్ల తప్పుని కప్పిపుచ్చే పెద్దమనుషులమే అవుతాం. నల్లజాతి స్త్రీ ఆ ఫోటో చూసినప్పుడు అది ఆడవాళ్లు పెట్టిందని ఆమెకి ఊరట కలగదు.

ఇక మన సంగతి. 2019 జనవరిలో హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్ ఒక టీవీ ముచ్చట్ల కార్యక్రమంలో పాల్గొన్నారు. అందులో పాండ్యా ఆడవాళ్ల గురించి గొప్పలు చెప్పుకున్న తీరు చూసి దేశమంతా ముక్కున వేలేసుకుంది. ఇది పాత రాత కాదు, కెమెరా ముందు నవ్వుతూ అన్న మాట. ఇద్దరినీ ఆస్ట్రేలియా నుంచి వెనక్కి పిలిపించి సస్పెండ్ చేశారు. అప్పుడు బోర్డు పరిపాలన చూస్తున్న కమిటీలో గట్టిగా నిలబడింది ఎవరనుకున్నారు? లార్డ్స్ పెవిలియన్ బయట ఆపేసిన ఆ డయానా ఎదుల్జీయే. రెండు వారాలు తిరక్కుండా సస్పెన్షన్ ఎత్తేశారు. ఏప్రిల్‌లో బోర్డు అంబుడ్స్‌మన్, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి డి.కె. జైన్ ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయల జరిమానా వేశారు. ఆ డబ్బు ఎటు వెళ్లాలో కూడా చెప్పారు. విధి నిర్వహణలో చనిపోయిన పదిమంది పారా మిలటరీ కానిస్టేబుళ్ల భార్యలకి తలా లక్ష, మిగిలిన 10 లక్షలు అంధుల క్రికెట్ నిధికి.

ఆ వితంతువులకి సాయం అందితే నాకు సంతోషమే. అంధుల క్రికెట్‌కి అందినా సంతోషమే. కానీ అవమానం జరిగింది ఎవరికి? పబ్బులో తన పేరు కూడా అడగకుండా తన కదలికలు గమనించే మగవాడి మాటలో వస్తువైపోయిన ఆడవాళ్లకి. పరిహారం దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు జవాన్ల భార్యలుగా మాత్రమే కనిపించారు. మహిళా క్రికెట్‌కి ఒక్క రూపాయి అని ఎవరికీ తోచలేదు. తప్పుకీ ప్రాయశ్చిత్తానికీ మధ్య సంబంధం తెగిపోయింది. జరిమానా కట్టడంతో లెక్క చెల్లిపోయింది, ఎవరి లెక్కో తెలియకుండానే.

అమెరికాలో ఇంకా విడ్డూరం. జాష్ హేడర్ అనే బేస్‌బాల్ ఆటగాడు పదిహేడేళ్లప్పుడు రాసిన జాతి విద్వేషపు, స్త్రీ ద్వేషపు రాతలు 2018 జూలైలో, అతను ఆల్ స్టార్ పోటీలో ఆడుతున్న రాత్రే బయటపడ్డాయి. అవగాహన శిక్షణకి వెళ్లమన్నారు. నాలుగు రోజుల తర్వాత సొంత జట్టు మైదానంలోకి దిగితే ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తప్పు దిద్దుకో అని కొట్టిన చప్పట్లు కావవి. మావాడివి నువ్వు, వాళ్లేమన్నా పట్టించుకోకు అని కొట్టినవి. ఆ చప్పట్ల మధ్య కూర్చున్న నల్లజాతి ప్రేక్షకురాలు లేచి నిలబడిందా, కూర్చుండిపోయిందా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆటగాళ్ల రాతల గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం, ఆటగత్తెల మీద రాసే రాతల మాటేమిటి? 2016 ఆగస్టులో పి.వి. సింధు రియోలో వెండి పతకం గెలిస్తే, ఆమె కులమేమిటని ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లు కోకొల్లలు. ఆ వెతుకులాటలో ముందున్నది మన రెండు తెలుగు రాష్ట్రాలేనని పత్రికలు రాశాయి. గుత్తా జ్వాల తల్లి చైనాలో పుట్టిందని ఆ అమ్మాయిని అనని మాట లేదు, కరోనా రోజుల్లో అది మరీ హద్దుమీరింది. 2017లో ప్రపంచ కప్పుకి ముందు మిథాలీ రాజ్‌ని, మీకు ఇష్టమైన మగ క్రికెటర్ ఎవరని అడిగితే, ఈ ప్రశ్న మగవాళ్లనెప్పుడైనా అడిగారా అని తిరగేసింది మన హైదరాబాదు పిల్ల. ఆ తర్వాత ఆమె జట్టు లార్డ్స్‌లోనే ఫైనల్ ఆడి 9 పరుగుల తేడాతో ఓడింది. ఈ రాతలు రాసినవాళ్లెవరికీ పేరు లేదు, ప్రతిష్ఠ లేదు, సస్పెండ్ చేయడానికి బోర్డు లేదు. ప్రముఖుడిని శిక్షించి మిగిలిన వాళ్లం చేతులు కడుక్కుంటాం.

అలాగని అందరినీ జైల్లో పెట్టమనడం నా ఉద్దేశం కాదు. ఆ దారి ఎటు పోతుందో మనకి తెలుసు. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో బాల్ ఠాక్రే మరణానికి బంద్ ఎందుకని ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో అడిగింది, ఆమె స్నేహితురాలు దాన్ని మెచ్చుకుంది. ఇద్దరినీ అరెస్టు చేశారు. అలాంటి అరెస్టులకి ఆసరాగా నిలిచిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. మాటలకి శిక్షలు పెంచమని మనం అడిగితే, ఆ కర్ర ముందుగా తగిలేది నోరున్న ఆడపిల్లల వీపుమీదే.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. ఆమె ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. జిల్లా కేంద్రంలో డిగ్రీ చదివేది. ఆఖరి సంవత్సరంలో ఉండగా, తన క్లాసు కుర్రాడొకడు యూనివర్సిటీ కబడ్డీ జట్టుకి ఎంపికయ్యాడు. కాలేజీలో సన్మానం, దండలు, ఫోటోలు. ఆ ఫోటోల కింద స్నేహితులెవరో సరదాగా అతని పాత రాతలు తవ్వి పెట్టారు. వాటిలో మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు ఈ అమ్మాయి గురించి, ఆమె శరీరం గురించి, ఆమె వచ్చే వాడ గురించి రాసినవి ఉన్నాయి. క్లాసంతా రెండేళ్ల కిందటే చదివి నవ్వుకున్నది ఆమె ఆ రోజే మొదటిసారి చూసింది.

ఆమె కాలేజీ అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇచ్చింది. పాతది, గడువు దాటిందన్నారు. 2013 చట్టం ప్రకారం సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. సంఘటన జరిగింది ఎప్పుడు? రాసినవాడి లెక్కలో రెండేళ్ల కిందట. చదివిన పిల్లకి ఆ రోజు మధ్యాహ్నం. ఆమె మా దగ్గరికి వస్తే మేం కాలేజీకి వెళ్లి ఇదే వాదించాం. చివరికి అతన్ని ఒక టోర్నమెంటుకి పంపకుండా ఆపారు, క్షమాపణ పత్రం రాయించుకున్నారు.

ఈలోగా ఆ కుర్రాడి తల్లి మా ఆఫీసుకి వచ్చింది. కూరగాయలు అమ్ముకునే మనిషి. స్పోర్ట్సు కోటాలో కానిస్టేబుల్ ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టుకున్నామమ్మా, వాడొక్కడే మాకు దిక్కు అని ఏడ్చింది. నేను కరిగిపోయాను. ఇంగ్లండ్ మంత్రి ఎవరి భవిష్యత్తు గురించి బెంగపడ్డాడో గానీ, ఈమె బెంగ నిజమైనది. పెద్దింటి ఆటగాడికి రెండు నెలల విరామమైన శిక్ష, ఇలాంటి ఇంట్లో జీవితకాలపు దెబ్బ కావచ్చు. అమ్మాయి తల్లి మాత్రం రాలేదు. అమ్మాయి ఇంట్లో చెప్పనే లేదు. చెబితే మర్నాటి నుంచి కాలేజీ మానిపిస్తారని. ఏడ్చిన తల్లి నా ఎదురుగా ఉంది, ఏడవడానికి వీల్లేని పిల్ల లేదు. నేను ఆ పిల్లకి ఫోన్ చేసి, పోనీలేమ్మా, క్షమాపణ రాశాడుగా, ఇంతటితో వదిలేద్దాం అన్నాను.

రెండు రోజుల తర్వాత ఆమె వచ్చింది. క్షమాపణ పత్రం నకలు నా బల్ల మీద పెట్టింది. గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, అని మొదలైంది. కాలేజీ ప్రతిష్ఠకి భంగం కలిగించినందుకు క్షమించమని ఉంది. మేడమ్, ఇందులో నా పేరు ఎక్కడుంది అని అడిగింది.

లేదు. నేను ఆ పత్రం చదవకుండానే ఆమెకి వదిలెయ్యమని చెప్పాను. పాతికేళ్లుగా స్త్రీల సంఘంలో పనిచేస్తున్న నేను, ఇంగ్లండ్ బోర్డు చేసిన పనే చేశాను. ఆ కుర్రాడిని పిలిచి, ఆమెకి ఒక ఉత్తరం రాస్తావా అని అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. బహుశా రాసేవాడేమో. రాయనంటే అదైనా తెలిసేది.

ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి ఇప్పుడు ఇంకో ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. ఈ సంపాదకీయం రాయడానికి అనుమతి అడిగినప్పుడు, ఇప్పటికైనా అతను ఉత్తరం రాస్తే నీకిష్టమేనా అని అడిగాను. కొంచెంసేపు మాట్లాడలేదు. రాస్తే చదువుతాను, చదివాక ఏం చేస్తానో ఇప్పుడే చెప్పలేను, క్షమిస్తానని మాత్రం మీరు మాటివ్వకండి అంది.

ఆ తల్లి నంబరు నా పాత డైరీలో దొరికింది. ఫోన్ చేశాను. కొడుకు పక్కనే ఉన్నాడట, అతనే మాట్లాడాడు. విషయం చెప్పగానే, ఆ గొడవ అప్పుడే అయిపోయింది కదా మేడమ్ అన్నాడు. నీకు అయిపోయింది అన్నాను. కాసేపటికి, ఆదివారం వస్తాను, ఏం రాయాలో మీరు చెబుతారా అని అడిగాడు. చెప్పనన్నాను. కాగితం, పెన్ను మాత్రం ఉంటాయన్నాను.